నిశ్శబ్దం కంటే తక్కువ

విత్తనాల గోదాము, తాళాల గది
సోమవారం

పిడుగూ,

నీ పన్నెండు పెట్టెలూ చేరాయి. చేరడం అంటే చేరాయి, అంతే. లారీ డ్రైవరు వాటిని బస్తాల మధ్య కుక్కి తెచ్చాడు. ఒకదాని మూత విరిగితే జిగురు పెట్టి అతికించాను. వాటితో పాటు నువ్వు పంపిన నాలుగు పేజీల కాగితం కూడా చదివాను. గోదాము పెద్దకి చదవడం వచ్చన్న సంగతి మీ ఆఫీసువాళ్లకి తెలీదేమో, ప్రతి వాక్యం కిందా గీత గీసి మరీ పంపారు.

చెప్పినట్టే చేశాను. ఒక్కో గాదెలో మొక్కజొన్న గింజల మధ్యకి ఊచ దించి, దాని తలకి పెట్టె బిగించాం. ఊచ చివర మైకు ఉంటుందట, లోపలి చప్పుడు విని తీగ లేకుండానే మీ ఆఫీసుకి అంకె పంపుతుందట. సరే, పంపనీ. తర్వాత గాలి పంకాలు ఆపించి, అందరినీ బయటికి తోలి, ఒక్కో ఊచకీ చెవి ఆనించి రెండొందలు లెక్కపెట్టాను. పురుగు చప్పుడు లేదని తేల్చుకున్నాకే తెల్ల మీట నొక్కాను. పన్నెండుకి పన్నెండూ నిశ్శబ్దం. సంతకం పెట్టిన పట్టీ దీనితోనే పంపుతున్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ పని నా చెవి ఒక్కటే చేసింది. ఇప్పుడు దానికి పన్నెండు మంది నౌకర్లు. పైగా కొత్త రూలు, మీ అంకె ఎర్రగీత దాటితేనే పొగమందు వెయ్యాలట, నేను చెప్పినా వెయ్యకూడదట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టుంది మీ వ్యవహారం.

ఒక్కటి మాత్రం మీ పెద్దసారుకి చెప్పు. ఈ గింజలు తినడానికి కావు. తొమ్మిది వారాల్లో మూడొందల కుటుంబాలు విత్తుకోవాల్సినవి. పురుగు లోపలి మొలక తినేసినా పైకి గింజ గింజలాగే ఉంటుంది. నేలలో వేశాకే బండారం బయటపడుతుంది, అప్పుడు మళ్లీ విత్తనం ఎక్కణ్ణించి తెస్తారు?

ఫోను చెయ్యకు. రేకుల కప్పు కింద మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. వారానికి రెండుసార్లు లారీ తిరుగుతూనే ఉంది కదా, డ్రైవరు చేతికి ఉత్తరం ఇవ్వు.

మామయ్య


కొలతల ఆఫీసు, రెండో అంతస్తు
గురువారం

మామయ్యా,

ఆ గీతలు గీసింది ఆఫీసువాళ్లు కాదు, నేను. తిట్టేదేదో నన్నే తిట్టు.

అంకెలు వస్తున్నాయి. మొదటిరోజు వాటిని చూసి ఎగిరి గంతేశాను, రెండోరోజు తల పట్టుకున్నాను. మైకు చెవి కాదు మామయ్యా. చెవి అయితే ఇది పురుగు, ఇది ఎలుక, ఇది పక్కింటివాళ్ల గొడవ అని చెప్తుంది. మైకు "చప్పుడు ఇంత" అని ఒక అంకె నా మొహాన పారేసి ఊరుకుంటుంది. అది ఎవరి చప్పుడో నేనే తేల్చుకోవాలి. దానికి తోడు ఒక్కో మైకుదీ ఒక్కో తీరు. చీమ చిటుక్కుమనని చోట కూడా ఒకటి పన్నెండు చూపిస్తే ఇంకోటి నలభై చూపించవచ్చట. అందుకే నువ్వు తెల్ల మీట నొక్కినప్పుడు వచ్చిన అంకెని ఆ పెట్టె నిశ్శబ్దంగా రాసుకుని, తర్వాత వచ్చే ప్రతి అంకెలోంచీ దాన్ని తీసేస్తున్నాను. మిగిలింది సున్నా అయితే గింజ క్షేమం. ఇరవై దాటితే ఎర్రగీత, పొగమందు.

నీకో సంగతి చెప్పాలి. పెట్టెలు చేసినవాళ్ల పుస్తకంలో, గాదె ఖాళీగా ఉన్నప్పుడే మీట నొక్కాలని ఉంది. పెట్టెలు వచ్చేసరికి నీ గాదెలు నిండిపోయాయి. మళ్లీ దింపించాలంటే ఇరవై రోజులు. పెద్దసారు కుదరదన్నారు. అప్పుడు నేనే లేచి, "ఆ గోదాము పెద్ద మా మేనమామ అండీ. పురుగు ఆవలించినా వినే చెవి ఆయనది. ఆయన నిశ్శబ్దం అంటే నిశ్శబ్దమే" అన్నాను. చిన్నప్పుడు నన్ను గాదె పక్కన కూర్చోబెట్టి "విను, కొరుకుతోంది" అనేవాడివి కదా, అదంతా చెప్పాను. ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ఇప్పుడు దీనికి "చెవి పద్ధతి" అని పేరు కూడా పెట్టారు. నీ దగ్గర కుదిరితే ఇంకో ఇరవై ఆరు గోదాములకి ఇదే పద్ధతి. ఉద్యోగంలో చేరిన మూడేళ్లలో నా మాట ఒకరు విన్నది ఇదే మొదటిసారి.

మూడో గాదెలో రోజూ పదకొండింటికి అంకె ముప్ఫై ఐదుకి ఎగిరి, పావుగంటకి దిగిపోతోంది. పురుగులకి భోజన విరామం ఉండదు కదా. ఎవరో ఏదో చేస్తున్నారు, కాస్త కనిపెట్టు.

నీ పిడుగు


విత్తనాల గోదాము
సోమవారం

పిడుగూ,

మూడో గాదె పురుగు దొరికింది. దానికి రెండు కాళ్లూ ఒక మీసమూ ఉన్నాయి. మన కాపలాదారు. ఎత్తు సరిగ్గా ఉందని పెట్టె మీద తన క్యారియరు పెట్టుకుని, గిన్నెలు విడదీసి తిని, మళ్లీ టకటకా బిగిస్తున్నాడు. "నువ్వు ముద్ద నమిలితే అక్కడ ఆఫీసులో గంట మోగుతుందిరా" అని బెదిరించాను. అప్పట్నించి గేటు బయట నిలబడి తింటున్నాడు పాపం.

ఈలోగా మీవాళ్లు ఎర్రచీటీ పంపారు, మూడో గాదెకి పొగమందు వెయ్యమని. క్యారియరుకి పొగమందా? ఆ మందు వేస్తే గోదాము వారం రోజులు మూసి, మనుషులు దగ్గరికి రాకుండా చూడాలి. అదేమైనా అగరొత్తి అనుకున్నారా? చీటీ వెనక్కి పంపించాను.

ఇంకోటి. నిరుడు కొత్త తూకం మనిషి చేరింది, అందరూ కాటా ఆవిడ అంటారు. ఏడో గాదె కింద తెల్లటి పొడి రాలుతోందని గోల. చెవి పెడితే చప్పుడు కూడా వినిపిస్తోందట. చేరి ఏడాది కాలేదు, అప్పుడే నాకు గింజ గురించి పాఠాలు. అది బస్తాలు దులిపిన పొట్టు. నేను స్వయంగా చెవి పెట్టాను, ఏమీ లేదు. నువ్వు పంపిన పట్టీలో కూడా ఏడో గాదెకి ఐదు అనే ఉంది. నా మాటా నీ మైకూ ఒకటే చెప్తుంటే మధ్యలో ఆవిడెవరు?

మామయ్య


కొలతల ఆఫీసు
శుక్రవారం

మామయ్యా,

చలి మొదలైన దగ్గర్నించీ నాకు పిచ్చెక్కుతోంది. నువ్వయినా చెప్పు. నిశ్శబ్దం కంటే తక్కువ చప్పుడు ఉంటుందా?

ఏడో గాదె అంకె మొదట్లో మూడు, తర్వాత ఐదు, మొన్నటికి ఎనిమిది. మెల్లగా పెరుగుతోంది గానీ గీతకి ఆమడ దూరంలో ఉంది కదా అనుకున్నాను. చలి పడ్డ మూడోరోజుకి సున్నా అయింది. ఆ తర్వాత సున్నా కిందకి దిగింది. ఇవాళ సున్నా కంటే పంతొమ్మిది తక్కువ. తొమ్మిదో గాదెలో పన్నెండు తక్కువ. మిగతా పదీ బుద్ధిగా సున్నా దగ్గరే ఉన్నాయి.

పెద్దసారు గోడకి అంటించిన నా పట్టీ ముందు నిలబడి, "ఏమ్మా, మీ మామయ్య గోదాములో చప్పుడు అప్పు పడిందా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. నాలుగు రోజులుగా కూడికలు మళ్లీ మళ్లీ చేస్తున్నాను. లెక్క తప్పు కాదు. చలికి మైకు బిగుసుకుందేమో అనుకుంటే మిగతావి ఎందుకు బిగుసుకోలేదు? పెట్టె పాడైంది అనుకుంటే రెండూ ఒకేసారి ఎందుకు పాడయ్యాయి? అన్నం తింటుంటే అంకె, బస్సులో అంకె. నిన్న అమ్మ పిలిస్తే "పంతొమ్మిది" అన్నానట.

ఒక పని చెయ్యి. ఏడో గాదె పెట్టె తీసి రెండో గాదెకి, రెండో దాని పెట్టె ఏడుకి మార్చు. ఊచలతో సహా. తెల్ల మీట ముట్టుకోవద్దు. మార్చాక ఏడు దగ్గర ఇంకోసారి చెవి పెట్టి విను. విని, నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి గోదాము బయటికొచ్చి ఫోను చెయ్యి. బయట రేకులు లేవుగా. అయిదు నిమిషాల మాట కోసం లారీ వచ్చేదాకా గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవడం నా వల్ల కావట్లేదు.

నీ పిడుగు


విత్తనాల గోదాము
సోమవారం

పిడుగూ,

పెట్టెలు మార్చాను. ఊచలతో సహా. మీట ముట్టుకోలేదు. ఏడు దగ్గర చెవి పెట్టాను. నిశ్శబ్దం.

ఫోను సంగతి వదిలెయ్. ఎన్నిసార్లు అడుగుతావు? గోదాము విడిచి నడిరోడ్డు మీదికెళ్లి అరవడానికి నాకేం పనిలేదా? మీ డబ్బా లెక్క తప్పితే డబ్బాని నిలదియ్యి, నన్ను కాదు. అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు, మీ పెద్దసారు వెక్కిరించాడని నా ప్రాణం తీస్తున్నావు.

కాటా ఆవిడ మళ్లీ వచ్చింది, ఏడో గాదె తెరిచి చూద్దామని. విత్తే ముందు గాదె మూత తెరిస్తే తేమ పడుతుంది. వద్దన్నాను. ఆవిడ ముఖం మాడ్చుకుని వెళ్లిపోయింది.

మామయ్య


కొలతల ఆఫీసు
గురువారం

మామయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

పెట్టెలు మార్చావు కదా. ఏమీ తీసెయ్యకుండా చూస్తే, ఏడో గాదెలోంచి రెండుకి వెళ్లిన పెట్టె ఇప్పుడు పన్నెండు చూపిస్తోంది. రెండులోంచి ఏడుకి వచ్చిన పెట్టె ఇరవై రెండు చూపిస్తోంది. మీట నొక్కిన రోజు రెండో గాదెలో ఇదే పెట్టె చూపించింది పన్నెండు. అంటే పెట్టెలు రెండూ మంచివే. రెండింటి అసలు నిశ్శబ్దమూ పన్నెండే.

మరి నువ్వు తెల్ల మీట నొక్కిన రోజు ఏడో గాదె పెట్టె ఎంత చూపించిందో తెలుసా? నలభై ఒకటి. అది ఆ మైకు తీరు అనుకుని, నిశ్శబ్దం అని రాసుకుని, నెలన్నరగా ప్రతి అంకెలోంచీ నలభై ఒకటి తీసేస్తూ కూర్చున్నాను. చలికి లోపలున్నవి నెమ్మదించాయి, చప్పుడు ఇరవై రెండుకి పడింది, అందులోంచి నలభై ఒకటి తీస్తే సున్నా కంటే తక్కువ కాక ఏమవుతుంది? ఇంత చలిలో కూడా ఇరవై రెండు మామయ్యా! అవి మొదటిరోజే ఉన్నాయి. నువ్వు మీట నొక్కుతున్నప్పుడే కొరుకుతున్నాయి. వాటి నమలడాన్నే నేను నిశ్శబ్దం అని పేరు పెట్టి కాపాడుకుంటూ వచ్చాను. తొమ్మిదో గాదెదీ ఇదే కథ.

నలభై ఒకటి అంటే గుసగుస కాదు. ఊచకి చెవి పెట్టినవాడికి ఎవరికైనా వినపడుతుంది. నీకు వినపడకుండా ఎలా ఉంటుంది? అడగడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను. ఆరోజు నువ్వు నిజంగా ప్రతి గాదె దగ్గరికీ వెళ్లి చెవి పెట్టావా? లేక ఒకటి రెండు చూసి, ఈ కుర్రదాని కాగితాలకి ఇది చాల్లే అని కుర్చీలో కూర్చుని పన్నెండు సంతకాలూ గీకేశావా?

విత్తడానికి ఇంక పదహారు రోజులే ఉంది. ఏడూ తొమ్మిదీ వెంటనే తెరిపించు. పొగమందుకి నేను చీటీ రాయించాను, ఇదే లారీలో వస్తోంది.

నీ మేనకోడలు


విత్తనాల గోదాము
శుక్రవారం

కుర్చీలోనా? నేనా?

నువ్వు పుట్టకముందు నుంచీ ఈ గోదాములో నిలబడ్డవాణ్ణి. ఆ రోజు పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం రెండింటిదాకా, మంచినీళ్లు కూడా తాగకుండా, పన్నెండు ఊచలకీ వంగి చెవి పెట్టాను. రెండొందలు చాలవేమోనని నాలుగొందలు లెక్కపెట్టాను. నడుము పట్టేసి రెండు రోజులు లేవలేకపోయాను. ఎత్తుకుని తిప్పిన చేతుల్నే కరిచావు కదే.

గాదెలు తెరిపించాను. ఇంక నాకు రాయకు.


విత్తనాల గోదాము
మంగళవారం

పిడుగూ,

రాయకు అన్నది నేనే. రాస్తున్నదీ నేనే.

ఏడో గాదె మూత తీసి చెయ్యి పెడితే మోచేతిదాకా పిండి. ముక్కుపురుగు. నల్లగా, చేతి మీద పాకుతూ. తొమ్మిది కొంచెం నయం. తడిగుడ్డలో వంద గింజలు కట్టి మొలక చూశాం. ఏడులో ముప్ఫై ఒకటి మొలిచాయి, తొమ్మిదిలో నలభై ఆరు. మిగతా పది గాదెలూ తొంభైకి పైనే ఉన్నాయి. పొగమందు వేసి ఏం లాభం, తిన్నది కక్కుతాయా?

కాటా ఆవిడ చెయ్యి దులుపుకుంటూ నా ఎదురుగా నిలబడి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, "అయ్యగారూ, మీకు వినపడదు కదా" అంది. అడగలేదు, చెప్పింది. ఆవిడకి చాలా రోజులుగా తెలుసట.

నిజమే. మూడేళ్లయింది. మొదట గేటు దగ్గర సైకిలు గంట పోయింది, తర్వాత పిట్టలు పోయాయి, తర్వాత ఫోనులో మాటలు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సర్దుకుంటాను. రేకుల కప్పుకీ ఫోనుకీ ఏ గొడవా లేదు. ముప్ఫై ఏళ్లు ఆ గాలి పంకాల పక్కన నిలబడినందుకు ఇది బహుమానం. పురుగు చప్పుడు ఎప్పుడు పోయిందో నాకు సరిగ్గా తెలీదు. పోయాక పొడి చూసి, వాసన చూసి, గింజ వేళ్ల మధ్య నలిపి చూసి నడిపించాను. ఎవరైనా చూస్తున్నప్పుడు మాత్రం చెవి పెట్టేవాణ్ణి.

నేను కుర్చీలో కూర్చోలేదే. నాలుగొందలు లెక్కపెట్టింది అందుకే. ఇంకొంచెం సేపు ఆగితే వినపడుతుందేమోనని. ప్రతి ఊచ దగ్గరా ఆశగా వంగాను. ఎక్కడా ఏమీ వినపడలేదు. నాకు వినపడిందే రాశాను.

ఆ పొడి పొట్టు కాదని కూడా నాకు లోపల తెలుసేమో. కానీ ఆవిడకి చప్పుడు వినపడుతోంది అనగానే కడుపు మండిపోయింది. ఆవిడ మాట ఒప్పుకుంటే నా సంగతి ఒప్పుకున్నట్టే కదా. పైగా నీ అంకె ఐదే ఉంది. నువ్వు నన్ను నమ్మావు, నేను నీ అంకెని నమ్మాను. ఇద్దరం కలిసి గోడకి చెవి పెట్టినట్టుంది.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. మీ పెద్దసారుకి నివేదిక రాయాలి కదా. కుర్చీలో కూర్చున్నాడని రాయి. నువ్వు అన్నదే రాయి. సోమరి అంటే పడతాను. నాలుగు రోజులు చెప్పుకుని మరిచిపోతారు. చెవిటివాడు ముప్ఫై ఏళ్ల పేరు అడ్డం పెట్టుకుని విత్తనాలు తగలేశాడు అంటే మాత్రం నేను తలెత్తి ఈ గేటు దాటలేను. నీ చేతిలో పని. మామయ్య ఇంతకుముందు నిన్ను ఏదీ అడగలేదు.

మామయ్య


కొలతల ఆఫీసు
గురువారం

మామయ్యా,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. ఏడుపు వచ్చింది, దాని వెనకే ఒళ్లు మండే కోపం వచ్చింది. అమ్మ దగ్గరికి వెళ్లి "మామయ్యకి వినపడదని నీకు తెలుసా" అని అడిగాను. "నీకు తెలీదా?" అంది. "మొన్న పెళ్లిలో నువ్వు వెనకనుంచి నాలుగుసార్లు పిలిచావు, నేనే వెళ్లి భుజం తట్టాను" అంది. అందరూ ఇంత మర్యాదగా నోరు మూసుకుని కూర్చుంటే ఎలా? నాకొక్కమాట చెప్పి ఉంటే, ఒక్కమాట, ఆ రోజే ఆ కాటా ఆవిడ చేత చెవి పెట్టించేదాన్ని. ముప్ఫై ఒకటి కాదు, తొంభై ఐదు మొలిచేవి.

నన్ను మాత్రం ఎవరు తిట్టాలి? పుస్తకంలో ఖాళీ గాదె అని నల్లటి అక్షరాల్లో ఉంటే, మా మామయ్య ఉన్నాడు కదా అని దాటేసింది నేను. ఎగిరెగిరి పడింది నేను. నువ్వు అడక్కపోయినా నీ చెవిని నేనే తీసుకెళ్లి అందరి ముందూ పెట్టాను. పైగా నిన్ను కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ కాళ్లు పట్టుకుంటాను.

కానీ నువ్వు అడిగింది చెయ్యలేను.

పెద్దసారు నీ మాట లాంటిదే అన్నారు. "గోదాము పెద్ద నిర్లక్ష్యం అని ఒక్క ముక్క రాసెయ్యమ్మా, పద్ధతికి మచ్చ ఉండదు" అన్నారు. పద్ధతికి మచ్చ ఉండకపోతే ఏమవుతుందో తెలుసా? పెట్టెలు ఇరవై ఆరు గోదాములకీ వెళ్లిపోయాయి. సగం చోట్ల మీటలు కూడా నొక్కేశారు. ఆ ఇరవై ఆరు చోట్లా చెవి పెట్టింది ఎవరు? ముప్ఫై ఏళ్లు పంకాల పక్కన నిలబడ్డ పెద్దమనుషులు. వాళ్లెవరూ సోమరులు కారు. వాళ్లూ నాలుగొందలు లెక్కపెట్టి ఉంటారు. ఆ అంకెల పట్టీ నా బల్ల మీద ఉంది. ముప్ఫై ఆరు, యాభై, ఇరవై తొమ్మిది. ఇందులో ఏది మైకు తీరు, ఏది పురుగు? నాకు తెలీదు. ఇక్కడ కూర్చుని చూసి చెప్పలేను. నువ్వు సోమరివి అని రాస్తే వాళ్ల గాదెలు ఎవరూ తెరవరు.

నివేదికలో రెండూ రాశాను. ఖాళీ గాదె నియమం నేను దాటేశానని మొదట, గోదాము పెద్దకి వినికిడి తగ్గిందని తర్వాత. రేపు పొద్దున ఇస్తాను. ఇచ్చే ముందు నీకు చెప్పకుండా ఉండలేక ఈ ఉత్తరం ప్రత్యేకంగా మనిషి చేత పంపిస్తున్నాను. తిట్టుకుంటావు, తిట్టుకో.

నీ పిడుగు


విత్తనాల గోదాము
సోమవారం

పిడుగూ,

తిట్టుకున్నాను. మూడు రోజులు తిట్టుకున్నాను, నీకు వినపడేంత గట్టిగానే.

శనివారం మీ పెద్దసారు స్వయంగా వచ్చాడు. ఏదో చెప్పాడు. ఆయన మీసం గుబురుగా ఉంది, పెదాలు కనపడవు. "కాగితం మీద రాయండి, నాకు వినపడదు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆయన బిత్తరపోయి జేబులో పెన్ను వెతుక్కున్నాడు. ఇకనుంచి గాదెలు వినే సంతకం కాటా ఆవిడది. తాళాలు విత్తే రోజులయ్యేదాకా నా దగ్గర, తర్వాత సంగతి తర్వాత అని రాసిచ్చాడు. మొహమాటానికి కూడా నా వైపు చూడలేదు. నీ గురించి అడిగాను. మందలింపు కాగితం ఇచ్చానని రాశాడు. నాకు చెప్పలేదేం? దాచిపెట్టడం మన వంశంలోనే ఉన్నట్టుంది.

నిన్న విత్తనాల పంపకం. ఇంటికి ఆరు బస్తాలు ఇవ్వాల్సింది ఐదే ఇచ్చాం. ఎవరూ గొడవ చెయ్యలేదు, చేసినా బాగుండేది. ఒక పెద్దావిడ ఏడో గాదె గింజ ఒకటి తీసుకుని పంటికింద పెట్టి చిట్లించి, లోపలి బొక్క కనపడేలా నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఏమైనా అని ఉంటే ఆవిడ పెదాలు నాకు కనపడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, ఇన్నాళ్లూ ఆ సామెతలో నేను శంఖం వైపు ఉన్నాననుకున్నాను.

రాత్రంతా ఆ గింజ గురించే. పొద్దున్నే కార్డులు కొన్నాను. ఇరవై ఆరు. కాటా ఆవిడ చిరునామాలు రాసింది, నేను విషయం రాశాను. అన్నింట్లోనూ ఒకటే.

"అయ్యా, నేను ఫలానా గోదాము పెద్దని. నాకు మూడేళ్లుగా వినపడదు. వినపడనందువల్ల నిశ్శబ్దం అని సంతకం పెట్టి రెండు గాదెల విత్తనం పోగొట్టాను. మిమ్మల్ని అవమానించడానికి కాదు. మీకు వినపడుతోందా? నాకు రాయక్కర్లేదు. కింద ఉన్న చిరునామాలో మా మేనకోడలికి రాయండి. ఆమె ఎవరికీ చెప్పదు."

ఆఖరి మాట అబద్ధం. నువ్వు అందరికీ చెప్తావని నాకు తెలుసు. చెప్పు.

మామయ్య


కొలతల ఆఫీసు
శనివారం

మామయ్యా,

మందలింపు కాగితం సంగతి దాచలేదు, రాయడానికి సిగ్గేసింది. అది బల్ల సొరుగులో ఉంది. దాని మీద ఇప్పుడు నీ కార్డుల జవాబులు పెడుతున్నాను.

పంతొమ్మిది వచ్చాయి. ముగ్గురు నిన్ను బూతులు తిట్టారు, ఆ కార్డులు నీకు పంపను. ఐదుగురు తమకి బాగానే వినపడుతోందన్నారు, అందులో ఇద్దరి మీద నాకు అనుమానమే. పదకొండు మంది తమకి వినపడట్లేదని రాశారు. పదకొండు మంది మామయ్యా. ఒకాయన భార్యకి కూడా చెప్పలేదట. ఒకాయన, "ఇది నాకొక్కడికే అనుకున్నాను" అని రాసి, ఆ వాక్యం కొట్టేసి, మళ్లీ అదే వాక్యం రాశాడు.

పెద్దసారు ముందు ఆ కార్డులు పేక ముక్కల్లా పరిచాను. ఒక్కోటీ తీసి చదివారు. ఇవాళ చెవి పద్ధతి ఆపేశారు. పదకొండు చోట్లా గాదెలు తెరిపించమని ఆర్డరు వేశారు. అనుమానం ఉన్న ఇద్దరివి కూడా. వాళ్లు మనకంటే నెలన్నర ఆలస్యంగా విత్తుతారు, ఇంకా టైముంది.

ఒక కార్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇరవై గాదెల పెద్ద గోదాము ఆయనది. రాత చాలా పొందిగ్గా ఉంది. "అమ్మా, మా గోదాములో నాలుగేళ్లుగా ఒక్క పురుగు చప్పుడు లేదు. మంచి గోదాము అని రెండుసార్లు సన్మానం కూడా చేశారు. అదృష్టం అనుకున్నాను. మీ మామయ్యగారి కార్డు చదివాక గేటు దగ్గరికెళ్లి, మా మనవరాలిని సైకిలు గంట కొట్టమన్నాను. అది కొడుతూనే ఉంది. నాకు భయంగా ఉంది. ఎవరినైనా పంపించండి."

బుధవారం అక్కడికి వెళ్తున్నాను. నువ్వు కూడా రా. గాదెలు నేను చూసుకోగలను, మైకులు చూసుకోగలను. ఆయన పక్కన కూర్చోవడం నాకు చేతకాదు.

నీ పిడుగు